నౌరూజ్ హఫ్త్‌సీన్: సబ్జే ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఇరానీ కొత్త సంవత్సరం నౌరూజ్‌కి హఫ్త్‌సీన్ బల్ల, అంటే పారసీలో ‘సీన్’ (స) అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువుల బల్ల, పద్ధతిగా సర్దాలి. వెల్లుల్లి, యాపిల్, వెనిగర్, సుమాక్ అనే పుల్లటి మసాలా, సెంజెద్ అనే ఎండు పళ్లకు ఇబ్బంది లేదు. సందేహమంతా సబ్జే, అంటే గోధుమ మొలకల పళ్లెం గురించే. నాలుగో రోజుకి గింజల చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తే అది బూజేనా? ఆ మొలకలతోనే సమనూ, అంటే బల్ల మీద పెట్టే గోధుమ మొలకల తీపి వంటకం కూడా వండొచ్చా? అసలు పండగ ఏ సమయానికని లెక్కేసుకోవాలి?

జవాబు 1: ముందు ఆ నూగు సంగతి. కాసిని నీళ్లు చిలకరించి చూడండి. మొలక వేళ్ల చుట్టూ అణిగి మాయమైపోతే అవి వేరు నూగులే, మొక్క బాగున్నట్టు. సాలెగూడులా గింజకీ గింజకీ మధ్య అల్లుకుని, బూడిద రంగుకి తిరిగి, ముక్కవాసన వస్తే అది బూజు. పళ్లెం అడుగున నీళ్లు నిలిచినా, గింజలు మందంగా పోసినా బూజు తప్పదు.

20 సెం.మీ. పళ్లేనికి 100 గ్రాముల గోధుమలు చాలు. విరిగిన గింజలు ముందే ఏరేయండి, కుళ్లు వాటితోనే మొదలవుతుంది. ఒక రోజంతా నానబెట్టి, పూటకోసారి నీళ్లు మార్చండి. తర్వాత తడిగుడ్డలో మూటకట్టి, తెల్లటి మొన కనిపించేదాకా ఒకటి రెండు రోజులు ఉంచండి. అప్పుడు పళ్లెంలో పలచగా పరిచి, పైన పలచని తడిగుడ్డ కప్పండి. రోజూ రెండుసార్లు నీళ్లు చిలకరించాక పళ్లెం వంచి మిగులు నీళ్లు పారబోయడం మాత్రం మరవొద్దు. మొలక సెంటీమీటరు రాగానే గుడ్డ తీసేసి వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెట్టండి, ఎండలో వద్దు. మొత్తం 12 నుంచి 14 రోజులు. మరీ ముందు మొదలుపెడితే పండగ నాటికి పొడుగై వాలిపోతుంది.

జవాబు 2: సమయం సంగతి: సూర్యుడు వసంత విషువత్తుకు (పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే బిందువుకు) చేరే క్షణమే కొత్త ఏడు, మార్చి 20 అటూ ఇటూగా. ఆ క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే, గడియారాలే వేరు. 2025లో అది టెహ్రాన్‌లో మధ్యాహ్నం 12:31కి వచ్చింది. అక్కడ మధ్యాహ్నం 12 దాటాక వస్తే ఇరానీ మొదటి నెల ఫర్వర్దీన్ 1 మర్నాడవుతుంది, అందుకే ఆ ఏడు మార్చి 21న పడింది. బల్ల మాత్రం ఆ క్షణానికల్లా సిద్ధంగా ఉండాలి.

జవాబు 3: పచ్చబడ్డ మొలకలు సమనూకి వద్దు, చేదెక్కుతుంది. దానికి వేరే గింజలు మొలకెత్తించి, తెల్లటి వేళ్లు అల్లుకోగానే, ఆకుపచ్చ మొలక రాకముందే ఆపేయండి. నీళ్లతో రుబ్బి, వడకట్టి, ఆ గింజల పాలలో గోధుమపిండి ఉండలు లేకుండా కలపాలి. 100 గ్రాముల గోధుమకు 300 గ్రాముల పిండి. ఇందులో చక్కెర వేయరు. మొలకలోని ఎంజైములే పిండిని తీపిగా మారుస్తాయి. మొదట్లోనే మంట పెంచితే అవి పనిచేయడం మానేస్తాయి, చివరికి చప్పటి జావ మిగులుతుంది. సన్నటి సెగ మీద ముదురు గోధుమరంగు వచ్చేదాకా గంటల తరబడి కలుపుతూనే ఉండాలి, ఇందులో దగ్గరదారి లేదు.

జవాబు 4: ఇంకొకటి. సబ్జే పండగనాడే కాదు, ఫర్వర్దీన్ 13న వచ్చే సీజ్దా బెదర్ దాకా నిలవాలి. ఆ రోజు అందరూ ఆరుబయటికెళ్లి, గడ్డిపోచలు ముడేసి కోరిక కోరుకుని, సబ్జేను పారే నీళ్లలో వదులుతారు. వాలిపోతున్న మొలకల నడుముకి రిబ్బను కట్టండి, మరీ పొడుగైతే కత్తెరతో కొసలు సమంగా కత్తిరించండి. నీళ్లలో వదిలేముందు ఆ రిబ్బను విప్పేయండి, పళ్లెం ఇంటికి తెచ్చేసుకోండి.