నాలుగు ఫ్రీ కోర్సుల్లో చేరాను, ఒక్కటీ పూర్తి కాలేదు. తప్పు నాదేనా?

పలమనేరు పిల్లోడు:
అన్నలూ అక్కలూ, నేను చిత్తూరులో డిగ్రీ ఫైనలియర్, రోజూ పలమనేరు నుంచి బస్సులో వచ్చిపోతా. రెండేళ్లలో నాలుగు ఫ్రీ ఆన్‌లైన్ కోర్సుల్లో చేరాను. పైథాన్ ప్రోగ్రామింగ్ కోర్సు మూడో వారం వీడియోలో 14వ నిమిషం దగ్గర ఆగింది, ఇప్పుడు తెరిచినా ఆ ప్రొఫెసర్ నోరు తెరుచుకుని అక్కడే ఉంటాడు. ఆయన ఇంగ్లీషు అందక స్పీడ్ 0.75లో పెట్టుకుని వింటా. పొద్దున పాలు పోసి బస్సెక్కి ఫోన్ తీస్తే మొగిలి ఘాట్‌లో సిగ్నల్ పోతుంది. ప్రపంచమంతా ఇలాగే నేర్చుకుంటోందంటారు, మరి నాకే ఎందుకు కుదరట్లేదు?

తిరుపతి అక్క:
నీకొక్కడికే కాదులే తమ్ముడూ. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏఐ కోర్సు ఫ్రీగా పెడితే దాదాపు 1,60,000 మంది చేరారు, చివరిదాకా ఉన్నది 20 వేల చిల్లర. మరుసటి ఏడాదే కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్లు వచ్చాయి, ఇక కాలేజీలకు తాళాలే అన్నంత హడావుడి. తర్వాత ఎంఐటీ, హార్వర్డ్ కోర్సుల లెక్క తీస్తే చేరినవాళ్లలో సగం మందికి పైగా క్లాసు తెరిచి కూడా చూడలేదట! 2017-18లో పూర్తి చేసింది నూటికి ముగ్గురే, కానీ సర్టిఫికెట్‌కి డబ్బు కట్టినవాళ్లలో 46 శాతం పూర్తి చేశారు. పైగా చేరేవాళ్లలో ఎక్కువమంది డబ్బున్న దేశాలవాళ్లే. పాలు పోసి వచ్చేవాడిని తలుచుకుని ఎవరు తయారుచేశారు వీటిని?

నేనూ రెండు వదిలేశాక కేంద్ర ప్రభుత్వ సైటు స్వయంలో ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సు తీసుకున్నా. చదువు ఫ్రీ, పరీక్షకు మాత్రం 1000 రూపాయలు కట్టా. 12 వారాల కోర్సు, మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లకు 25 మార్కులు, హాల్లో కూర్చుని రాసే పరీక్షకు 75. కట్టిన వెయ్యి పోతుందన్న టెన్షన్‌తోనే పూర్తి చేశాను, నిజం చెప్తున్నా.

బెంగళూరు బస్సు:
అక్కా, వెయ్యి కట్టినంత మాత్రాన ఉద్యోగం రాదు కదా. నా దగ్గర ఏడు సర్టిఫికెట్లున్నాయి, ఇంటర్వ్యూలో వాటి వంక కూడా చూడలేదు. నువ్వు సొంతంగా ఏం చేశావో చూపించు అన్నారు. పాల లెక్కలు రాసే చిన్న ప్రోగ్రామ్ చూపిస్తే దాని మీదే అరగంట అడిగారు. తమ్ముడూ, ఆ మూడో వారం దాకా నేర్చుకున్నదానితో మీ ఇంటి లెక్కే రాసి చూడు.

తిరుపతి అక్క:
అదీ నిజమే. కానీ మూడో వారంలో ఆగినోడు ప్రోగ్రామ్ మాత్రం ఎట్లా రాస్తాడబ్బా? పక్కన అడిగేందుకు ఒక మనిషి ఉండాలి. నాకు మా హాస్టల్ పిల్ల ఉండేది, ఆదివారం రాత్రి ఇద్దరం తిట్టుకుంటూ అసైన్‌మెంట్ పెట్టేవాళ్లం.

పలమనేరు పిల్లోడు:
బస్సులో నా పక్కన కూర్చునేవాడిని అడిగాను అక్కా, వస్తానన్నాడు. మరి ఘాట్‌లో సిగ్నల్ సంగతి?

తిరుపతి అక్క:
ఎన్‌పీటీఈఎల్ వీడియోలైతే యూట్యూబ్‌లోనే ఉంటాయి. రాత్రి మిగిలిన డేటాతో దించి పెట్టుకో.