గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు ముందు ఫుల్ మారథాన్, 300 కి.మీ. బ్రెవే పెట్టుకోవచ్చా?

ప్రశ్న: హుస్సేన్‌సాగర్ గట్టు (హైదరాబాదు)

అందరికీ నమస్కారం. నా వయసు 41. నిరుడు గోవాలో హాఫ్ ఐరన్‌మ్యాన్‌ను, అంటే 1.9 కి.మీ. సముద్రపు ఈత, 90 కి.మీ. సైకిలు, 21.1 కి.మీ. పరుగును, 6 గంటల 48 నిమిషాల్లో పూర్తి చేశాను. ఈ నవంబరులో మళ్లీ అక్కడికే వెళ్తున్నాను. ఈలోగా ఆగస్టు చివరి ఆదివారం జరిగే హైదరాబాదు మారథాన్‌లో ఫుల్‌కు, అంటే 42.2 కి.మీ. పరుగుకు, పేరు ఇచ్చేశాను. సెప్టెంబరులో 300 కి.మీ. బ్రెవేకు, అంటే గడువులోగా ముగించవలసిన దూరపు సైకిలు యాత్రకు, రమ్మని సైకిలు మిత్రులు పట్టుబడుతున్నారు. వీటికి తోడు 5 కి.మీ. సముద్రపు ఈతపోటీ ఒకటి కళ్లముందు ఊరిస్తోంది. మా కోచ్ గారు మాత్రం, "ఉన్న మూడు పడవల మీద కాళ్లు నిలపడమే కష్టం, నాలుగో పడవ ఎందుకయ్యా" అంటున్నారు.

నేను తెలుసుకోదలచినవి రెండు. ఇలా ఈత, సైకిలు, పరుగు వరుసగా చేసే ట్రయాథ్లాన్‌కు సిద్ధమవుతున్నవారు ఒక్క పరుగో, ఒక్క సైకిలో, ఒక్క ఈతో ఉండే పోటీలకు వెళ్లడం వల్ల మేలు జరుగుతుందా, లేక ఉన్న సత్తువ కాస్తా చెదిరిపోతుందా అన్నది మొదటిది. రెండోది ఇంతకంటే ఎక్కువగా బాధిస్తున్న సంగతి: నిరుడు విడిగా పరిగెత్తిన హాఫ్ మారథాన్‌ను 1 గంట 52 నిమిషాల్లో ముగించిన నేను, అదే దూరానికి గోవాలో 2 గంటల 31 నిమిషాలు తీసుకున్నాను. ఈ 39 నిమిషాలు ఎక్కడ పోయాయో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశ.

జవాబు 1: ఉప్పుగాలి (విశాఖపట్నం)

మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబు ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మీరు విడిగా ఆ హాఫ్ మారథాన్ పరిగెత్తి ఉండకపోతే, గోవాలో 39 నిమిషాలు పోగొట్టుకున్న సంగతే మీకు తెలిసేది కాదు. "నా పరుగు ఇంతే" అనుకుని ఏడాది పొడుగునా పరుగు మీదే పడి ఉండేవారు. ఒకే ఆట ఉండే ఒంటి పోటీ వల్ల ట్రయాథ్లెట్‌కు కలిగే అసలు ప్రయోజనం ఈ కొలతే. మీ కాళ్లకు 1:52 పరిగెత్తే శక్తి ఉందని తేలింది కనుక, తప్పు పరుగులో లేదు, పరుగుకు ముందు జరిగినదానిలో ఉంది. సైకిలు దిగాక కొంత తగ్గడం అందరికీ సహజం. నా సొంత లెక్కలో, అన్నీ కలిసొచ్చిన రోజున అది 12 నుంచి 15 నిమిషాలు ఉంటుంది. మిగిలిన పాతిక నిమిషాలను మీరు సైకిలు మీదే ఖర్చు చేసి ఉంటారు, లేదా తినక, తాగక, ఎండకు వదిలేసి ఉంటారు. మొదటి 30 కి.మీ.లలో మీ గుండె వేగం ఎంత ఉందో గడియారం దాచి ఉంచుతుంది; ఒకసారి తెరిచి చూడండి.

ఇక ఏ పోటీకి వెళ్లాలన్న విషయానికి వస్తే, మూడింటికీ మనం చెల్లించే మూల్యం ఒకటి కాదు. ఈత పోటీ చవక: రెండు రోజులు భుజాలు లాగుతాయి, మూడో రోజుకు మామూలైపోతాం. సైకిలు మధ్యస్థం. పరుగు మాత్రం చాలా ఖరీదు. ఈతలోనూ సైకిలులోనూ మన బరువును నీళ్లో, సీటో మోస్తుంది. పరుగులో ప్రతి అడుగూ నేలను తాకినప్పుడు తొడ ముందరి కండరం సాగుతూనే ఆ బరువును ఆపవలసి వస్తుంది, ఆ సాగడంలోనే కండరపు పోగులు సన్నగా చిట్లుతాయి. మారథాన్ మర్నాడు మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం కావడానికి కారణం ఇదే. ట్రయాథ్లెట్‌కు ఇందులో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. వారానికి పది గంటల సాధనలో ఏడెనిమిది గంటలు ఈతకూ సైకిలుకూ పోతాయి కనుక గుండె, ఊపిరితిత్తులు బాగా ఎదుగుతాయి, కాని ఎముకలూ స్నాయువులూ ఆ రెండు మూడు గంటల పరుగుకు తగినంతే గట్టిపడతాయి. ఇంజను లారీది, చట్రం ఆటోది అన్నమాట.

ఇది నేను ఎక్కడో చదివి చెబుతున్నది కాదు. కొన్నేళ్ల క్రితం, సైకిలు మీద బాగా ఉన్నానన్న ధీమాతో, వారానికి 30 కి.మీ. పరుగు కూడా లేకుండా మీ హైదరాబాదు ఫుల్ మారథాన్‌కు వచ్చాను. ఆ దారిలో ఫ్లైఓవర్లు ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. 33వ కిలోమీటరు దగ్గర ఒక ఫ్లైఓవరు దిగుతున్నప్పుడు, పక్కవారితో కబుర్లు చెప్పగలిగేంత నిమ్మళంగా ఊపిరి ఆడుతుండగానే, తొడలు మాత్రం నానిన గోనెసంచుల్లా బిగుసుకుపోయాయి. ముందుకు అడుగు వేస్తే మోకాలు మడతపడేలా ఉంది. చివరికి గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి, వెనకడుగులు వేసుకుంటూ ఆ పల్లం దిగాను; ఎదురుగా పరిగెత్తుకొస్తున్నవారంతా నేను దారి తప్పాననుకున్నారు. ఎలాగో ముగించాను కాని, ఆ తరువాత ఆరు వారాలు పరుగు లేదు, ఆ ఏటి ట్రయాథ్లాన్ కూడా పోయింది.

అందుచేత నా సలహా ఏమిటంటే, నిర్వాహకులు ఒప్పుకుంటే ఫుల్‌ను హాఫ్‌కు మార్చుకోండి. గోవాలో మీరు పరిగెత్తబోయే దూరం అదే. ఆగస్టు చివరికీ నవంబరుకూ మధ్య ఉన్న పది వారాలు చూడడానికి చాలానే అనిపిస్తాయి. అయితే ఫుల్ తరువాత కోలుకోవడానికి మూడు వారాలు, గోవాకు ముందు టేపర్‌కు, అంటే సాధన తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వడానికి, రెండు వారాలు తీసేస్తే నికరంగా మిగిలేవి ఐదే. అంతేకాక ఫుల్ కోసం జూన్, జూలైల్లో ఆదివారపు పొద్దులన్నీ 28, 30 కి.మీ. పరుగులకే పోతాయి. మీ రోగం సైకిలు దగ్గర ఉన్నప్పుడు మందు కాళ్లకు రాసినట్లవుతుంది.

ఈతపోటీకి తప్పక వెళ్లండి. గోవా నీళ్ల వెచ్చదనంలో వెట్‌సూట్ (చలినీళ్లలో తొడిగే రబ్బరు దుస్తులు) ప్రసక్తి రాదు కనుక, వెట్‌సూట్ లేకుండా, అలల్లో, నలుగురి మోచేతుల మధ్య ఈదడం ఎంత ఎక్కువగా అలవాటైతే అంత మంచిది. ప్రతి ఎనిమిది పది బారలకు ఒకసారి తల ఎత్తి గుర్తుబోయా ఎక్కడుందో చూసుకోవడం స్విమ్మింగ్ పూల్‌లో ఎవరికీ పట్టుబడదు.

జవాబు 2: రాత్రి బండి (విజయవాడ)

పై మిత్రులు సైకిలు గురించి రెండు ముక్కల్లో తేల్చేశారు కాబట్టి ఆ భాగం నేను పూర్తి చేస్తాను. నేను ట్రయాథ్లెట్‌ను కాను. బ్రెవేలు చేస్తాను, పొద్దున సైకిలు తొక్కే ట్రయాథ్లెట్లను రోజూ చూస్తుంటాను.

మొదటగా, బ్రెవే పోటీ కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. 200 కి.మీ.కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటల గడువులో ముగిస్తే అందరూ సమానమే. దారిలో కంట్రోలు చోట్ల కార్డు మీద ముద్రలు వేయించుకోవాలి, రాత్రికి దీపాలు, మెరిసే జాకెట్టు ఉండాలి. ఒకరి వెనుక ఒకరు గాలిచాటున తొక్కడానికి ఇందులో అడ్డు లేదు. గోవాలో ముందు సైకిలుకు 12 మీటర్ల దూరం పాటించకపోతే శిక్ష పడుతుంది కనుక, గుంపులో గాలిచాటున 300 కి.మీ. తొక్కిన కాళ్లకు అక్కడి 90 కి.మీ.ల ఒంటరి గాలి కొత్తగానే ఉంటుంది. కాబట్టి వేగం కోసమైతే ఇది మీకు పనికిరాదు.

తిండి నేర్చుకోవడానికి మాత్రం దీనికి మించిన బడి లేదు. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలని కాగితం మీద రాసుకోవడం తేలికే. నాలుగో గంటలో, ఎండలో, నోరు తియ్యదనానికి మొహం మొత్తినప్పుడు మీ కడుపు దేనిని ఒప్పుకుంటుందో రోడ్డు మీదనే తెలుస్తుంది. నాకు జెల్‌లు (పొట్లాల్లో వచ్చే తియ్యటి గుజ్జు) పడవు. అరటిపండు, ఉప్పు వేసిన నిమ్మరసం, ధాబాలో పెరుగన్నం పడతాయి. గోవాలో పెరుగన్నం దొరకదు లెండి, అయినా ఏది పడదో తెలియడమూ లాభమే.

ఇక హెచ్చరిక. నా మొదటి 300లో, తెల్లవారుజామున మూడు గంటలకు హైవే ధాబాలో కార్డు మీద ముద్ర వేయించుకుని, దానిని తిరిగి ప్లాస్టిక్ సంచిలో పెట్టబోతే చిటికెన వేలూ ఉంగరపు వేలూ పలకలేదు. హ్యాండిల్ మీద గంటల తరబడి అరచేతి అంచున బరువు వేయడం వల్ల అక్కడి నరం నలిగిందని తరువాత డాక్టరు చెప్పారు. పది రోజులపాటు చొక్కా గుండీలు మా ఆవిడే పెట్టవలసి వచ్చింది. ఈ వేళ్లతో మీరు ఈదగలరా అన్నది ఆలోచించుకోండి. 300 బదులు 200 చేయండి. పొద్దున బయలుదేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు, నిద్ర చెడదు, వారం సాధన పాడవదు. కొలత కావాలంటే, ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా 40 కి.మీ. టైమ్ ట్రయల్ (గడియారంతోనే పోటీ) తొక్కి చూసుకోండి.

జవాబు 3: దూరపు చుట్టం (డాలస్)

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. అసలు ఈ ఆట పుట్టిందే ఒంటి పోటీలను కలిపి కుట్టడం వల్ల. హవాయిలో ఈతగాళ్లు గొప్పా, పరుగువాళ్లు గొప్పా, సైకిలువాళ్లు గొప్పా అన్న వాదన వచ్చినప్పుడు, వైకీకీ సముద్రపు ఈతను, రెండు రోజుల పాటు ఓహూ ద్వీపాన్ని చుట్టే సైకిలు యాత్రను, హొనొలులు మారథాన్‌ను ఒకే రోజుకు తెచ్చి, 1978 ఫిబ్రవరిలో మొదటి ఐరన్‌మ్యాన్ నడిపారు. 15 మంది బయలుదేరి 12 మంది ముగించారు. పుట్టింటికి వెళ్లివస్తే తప్పేమిటి?

పెద్దవాళ్లు ఎంతోమంది వెళ్లారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ట్రయాథ్లాన్ స్వర్ణం గెలిచిన బ్రిటన్ ఆటగాడు అలెక్స్ యీ, 2025 ఏప్రిల్‌లో లండన్‌లో తొలి మారథాన్‌ను 2:11:08కు పరిగెత్తి 14వ స్థానంలో నిలిచాడు. అదే ఏడు డిసెంబరులో వలెన్సియాలో 2:06:38కు దిగాడు. అతడు 2018లోనే బ్రిటన్ 10,000 మీటర్ల విజేత అన్నది ఇక్కడ మరవకూడదు; అంటే చట్రం కూడా లారీదే. బెత్ పాటర్ ఇటు నుంచి కాక అటు నుంచి వచ్చింది: 2016 రియోలో 10,000 మీటర్లు పరిగెత్తి, పారిస్‌లో ట్రయాథ్లాన్ కాంస్యం తెచ్చుకుంది.

అయితే నా వాదనకు నేనే ఎదురుసాక్ష్యం చెప్పాలి. రియోలో ట్రయాథ్లాన్ స్వర్ణం గెలిచిన అమెరికన్ గ్వెన్ జార్గెన్సన్, అదే ఏడు నవంబరులో న్యూయార్క్ మారథాన్‌ను 2:41:01కు ముగించింది. తరువాత ట్రయాథ్లాన్‌ను విడిచి పూర్తిగా పరుగుకే అంకితమైనా, 2018లో చికాగోలో 2:36:23 దగ్గరే ఆగింది. మడమకు శస్త్రచికిత్స జరిగింది, చివరికి 2022లో ట్రయాథ్లాన్‌కే తిరిగి వచ్చింది. ట్రయాథ్లాన్ చివర అందరినీ దాటిపోయే పరుగు వేరు, తాజా కాళ్లతో వచ్చిన పరుగువాళ్ల మధ్య 42 కి.మీ. వేరు. టేలర్ నిబ్ సంగతీ అలాంటిదే. అమెరికా సైకిలు టైమ్ ట్రయల్ గెలిచి పారిస్‌కు రెండు ఆటల్లోనూ అర్హత సాధించింది. వాన తడిసిన రోడ్డు మీద పలుమార్లు జారిపడి టైమ్ ట్రయల్‌లో 19వ స్థానం, నాలుగు రోజుల తరువాత ట్రయాథ్లాన్‌లోనూ 19వ స్థానం. మిశ్రమ రిలేలో రజతం రావడం వేరే సంగతి.

నేను విభేదించేది ఒక్కచోటే. మీ వయసు 41. జీతం ఇచ్చేది ట్రయాథ్లాన్ కాదు. ఫుల్ మారథాన్ మీద మనసు ఉంటే, గోవా అయిపోయాక జనవరి, ఫిబ్రవరిలో ఏదో ఒకటి చూసుకుని, దానికంటూ విడిగా నాలుగు నెలలు ఇచ్చి పరిగెత్తండి. యీ కూడా ఒలింపిక్స్ ముగిశాకనే ఆ పనికి పూనుకున్నాడు. మానెయ్యమనడం లేదు, వరుస మార్చమంటున్నాను.

ప్రశ్న అడిగినవారి మాట: హుస్సేన్‌సాగర్ గట్టు

ఇంత ఓపికగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. ఉప్పుగాలి గారు చెప్పినట్లు గడియారం తెరిచి చూశాను. విడి హాఫ్ మారథాన్‌లో నా సగటు గుండె వేగం 161. గోవా సైకిలులో మొదటి 30 కి.మీ.ల సగటు 158. అంటే, 21 కి.మీ. పరుగు ఇంకా ముందు ఉందన్న ధ్యాస లేకుండా పోటీ పరుగుకు సరిపోయే ఊపుతో సైకిలు తొక్కాను. అంతకంటే సిగ్గుపడవలసిన సంగతి, 90 కి.మీ.కు రెండు సీసాల నీళ్లూ ఒక జెల్‌తో సరిపెట్టాను.

ఫుల్‌ను హాఫ్‌కు మార్చమని నిర్వాహకులకు ఉత్తరం రాశాను. 300ను 200 చేశాను, మిత్రులు అలిగారు. ఈతపోటీ ఉంచాను. కోచ్ గారికి ఈ చర్చ చూపిస్తే, "ఇదే నేను చెబితే వినలేదు కదా" అన్నారు. ఒక్క సందేహం మిగిలింది: ఆగస్టు హాఫ్‌ను పూర్తి వేగంతో పరిగెత్తాలా, లేక ముందు సైకిలు తొక్కి అలసిన కాళ్లతో పరిగెత్తాలా?

జవాబు 4: ఉప్పుగాలి (విశాఖపట్నం)

పూర్తి వేగంతో, తాజా కాళ్లతో పరిగెత్తండి. కొలత కోసం వెళ్లి తప్పుడు తూనికరాయి వేసుకోకూడదు. అలసిన కాళ్ల పరుగును మూడు వారాల తరువాత ఒక ఆదివారం విడిగా పెట్టుకోండి: గుండె వేగం 140 దాటకుండా 70 కి.మీ. సైకిలు, దిగిన వెంటనే 12 కి.మీ. పరుగు. సీసాలు మాత్రం ఈసారి నాలుగు కట్టుకోండి.