పరిశోధకుడి కంపెనీ సొమ్ముపై కాపలా విశ్వవిద్యాలయానిదా, ప్రభుత్వానిదా?

గోదావరి_గట్టు:
అమెరికాలో ఎన్.ఐ.హెచ్. (ప్రభుత్వ జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ) నిధులతో, అంటే ప్రజల సొమ్ముతో, వైద్య పరిశోధన చేసేవారు ఏ మందుల కంపెనీ నుంచైనా ఏడాదిలో 5,000 డాలర్లకు మించి పుచ్చుకుంటే ఆ సంగతి తమ విశ్వవిద్యాలయానికి తెలపాలి. 1995 నిబంధనలో 10,000గా ఉన్న పరిమితిని 2011లో సవరించి, 2012 ఆగస్టు నుంచి అమలు చేశారు. అయితే ఆ సొమ్ము పరిశోధనను పక్కదారి పట్టిస్తుందా లేదా అని తేల్చేది విశ్వవిద్యాలయమే. గ్రాంటు వస్తే తానూ బాగుపడే సంస్థ చేతికే తక్కెడ ఇవ్వడం సబబేనా?

ప్రయోగశాల_పిల్లి:
5,000 డాలర్లంటే రెండు మూడు ఉపన్యాసాల పారితోషికం. ఒక సంఘం భరించిన ప్రయాణ ఖర్చును నమోదు చేయడం మరిచానని మా కార్యాలయం మూడు వారాలు నా ఖాతా ఆపేస్తే, ఎలుకల మేతకు నా జేబులోంచి పెట్టుకున్నాను. ఇంకా కాపలా కావాలంటారా?

పాత_లెక్కలు:
కావాలి. ఎమొరీ విశ్వవిద్యాలయంలో మనోవైద్య విభాగాధిపతిగా ఉన్న చార్లెస్ నెమెరాఫ్, గ్లాక్సో అనే మందుల కంపెనీ నుంచి ఏడాదికి 10,000 డాలర్లకు లోపే తీసుకుంటానని 2004 జులైలో సంతకం చేసి ఇచ్చారు. సంతకం చేసిన రోజున ఆయన వయోమింగ్‌లోని ఒక విలాసవంతమైన రిసార్టులో, అదే కంపెనీ పనిమీద 3,000 డాలర్లు సంపాదిస్తున్నారు. ఆ ఏడాది గ్లాక్సో నుంచి ఆయనకు అందిన మొత్తం 1,70,000. ఇదంతా 2008లో సెనేటర్ గ్రాస్లీ విచారణలో బయటపడిందే తప్ప, విశ్వవిద్యాలయం పట్టుకున్నది కాదు.

ప్రయోగశాల_పిల్లి:
అవన్నీ పాత రోజులు. 2014 నుంచి కంపెనీలు వైద్యులకు ఇచ్చే దాదాపు ప్రతిదీ ఓపెన్ పేమెంట్స్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు.

చిరుమువ్వ:
మా డాక్టరు గారి పేరు వెతికాను. పదిహేడు భోజనాలు. అన్నీ కలిపినా మూడు వందల డాలర్లు కాలేదు, పాపం.

గోదావరి_గట్టు:
నేను అడిగింది తక్కెడ గురించి, మీరు మాట్లాడుతున్నది తూకపు రాళ్ల గురించి.

ప్రయోగశాల_పిల్లి:
అయ్యా, మీరు జీవితంలో ఒక్క గ్రాంటైనా రాశారా? బయట నిలబడి అందరినీ దొంగలనడం తేలిక.

గోదావరి_గట్టు:
రాయలేదు. మా అమ్మ ఒక కంపెనీ మందుపై జరిగే ప్రయోగంలో చేరింది. ఇరవై రెండు పేజీల అంగీకార పత్రాన్ని వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేనే తెలుగులో చదివి వినిపించాను. ప్రయోగం నడిపే వైద్యుడికి ఆ కంపెనీలో వాటా ఉందని అందులో ఎక్కడా లేదు. ఏడాది తర్వాత తెలిసింది. అమ్మకు హాని జరగలేదు, ఆయనా మంచివాడే. అయినా "నాకెందుకు చెప్పలేదురా" అని అమ్మ అడిగింది నన్ను. ఈ నిబంధనలో రోగికి చెప్పడమనేది విశ్వవిద్యాలయం ఎంచుకోగల మార్గాల్లో ఒకటి మాత్రమే, తప్పనిసరి కాదు.

పాత_లెక్కలు:
ఈ మాట మొదటే చెప్పవలసింది.

ప్రయోగశాల_పిల్లి:
దొంగలని మీరు అనలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రోగికి చెప్పాలంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ వాటా ఉందని చెబితే, "సొంత డబ్బు పెట్టారంటే మంచి మందే అయి ఉంటుంది" అని మరింత నమ్మినవారిని నేను చూశాను.

గోదావరి_గట్టు:
అమ్మ కూడా అదే అనేదేమో. అనే అవకాశం ఇవ్వలేదు కదండీ.