ఉప్పునీటి చేపకి తెల్లచుక్కలు: ఉప్పు తగ్గించాలా, మైలుతుత్తం వెయ్యాలా?

విజయనగరం_రీఫ్ (ప్రశ్న): 300 లీటర్ల ట్యాంకు. పగడాలు, ఒక పౌడర్ బ్లూ ట్యాంగ్, రెండు క్లౌన్ చేపలు ఉన్నాయి. ట్యాంగ్ రెక్కల మీద ఉప్పుకల్లంత తెల్లచుక్కలు వచ్చాయి. రాళ్ళకి ఒళ్ళు రాసుకుంటోంది, మేత మాత్రం తింటోంది. చికిత్సకి 100 లీటర్ల ఖాళీ ట్యాంకు ఉంది. నీళ్ళు చింతపల్లి తీరం నుంచి తెస్తాం. సెలైనిటీ (నీళ్ళలో ఉప్పు) తగ్గిస్తే చాలని కొందరు, కాపర్ (అంటే మైలుతుత్తం) తప్పదని కొందరు అంటున్నారు. ఏది మేలు?

వంశధార: ఉప్పు తగ్గించడమే ముందు చెయ్యండి. ఇది క్రిప్టోకారియాన్, చేప ఒంటికి పట్టి తెల్లచుక్కలు తెచ్చే కంటికి కనబడని పురుగు. ఉప్పు పడిపోతే దాని ఒంట్లోకి నీరు చొరబడి పగిలిపోతుంది, చేప తట్టుకుంటుంది. 35 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీళ్ళలో 35 పాళ్ళు ఉప్పు) నుంచి 12కి రావాలి. 100 లీటర్లలో 20 లీటర్లు తీసి అంతే ఆర్‌ఓ నీళ్ళు పొయ్యండి. నాలుగుసార్లకి 14.3కి వస్తుంది, అయిదోసారి 16 లీటర్లు చాలు. రెండు రోజుల మీద చెయ్యాలి. చివరి చుక్క పోయాక 30 రోజులు అక్కడే ఉంచి, తర్వాత రోజుకి 2, 3 పీపీటీ చొప్పున పెంచండి.

చాలామందికి ఇది పనిచెయ్యకపోవడానికి కారణం కొలత. రొయ్యల చెరువు దగ్గర ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరే సరిపోతుంది, కానీ సున్నా దగ్గరా 35 దగ్గరా రెండుచోట్లా సరిచూడాలి. నీళ్ళు ఆవిరై 16 దాటిందంటే పురుగుకి ఊపిరి పోసినట్టే. అందుకని ఆవిరైనంత ఆర్‌ఓ నీళ్ళు రోజూ పొయ్యాలి. పీహెచ్ కూడా జారుతుంది, వంటసోడా దగ్గర పెట్టుకోండి.

నాగావళి: మాస్టారూ, అది క్రిప్టోకారియానే అయితే మీ మాట సరే. వెల్వెట్ అనే ఇంకో చుక్కల జబ్బు అయితే? దాన్ని తెచ్చే ఆమిలూడినియం అనే పురుగు 3 పీపీటీలో కూడా బతుకుతుంది. మీరు ఉప్పు తగ్గిస్తూ కూర్చునేలోపే చేప మొప్పలు పాడైపోతాయి. వెల్వెట్ చుక్కలు ఉప్పుకల్లులా ఉండవు, పసుపు పొడి చల్లినట్టు సన్నగా ఉంటాయి, పక్కనుంచి టార్చి వేస్తేనే కనబడతాయి. చేప వెలుతురుకి దాక్కుంటుంది, పంపు ధారకి ఎదురుగా నిలబడుతుంది, గబగబా ఊపిరి తీస్తుంది. ఈ రెండిట్లో ఏదో తేల్చుకోలేనప్పుడు రెండిటికీ పనిచేసే మందు కాపర్. పైగా తక్కువ ఉప్పుకి లొంగని క్రిప్టోకారియాన్ రకాలూ ఉన్నాయి.

లెక్క ఇదీ. కాపర్ 0.15 నుంచి 0.20 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) మధ్య నిలబడాలి. లాబొరేటరీ గ్రేడు మైలుతుత్తం 7.86 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే మిల్లీలీటరుకి 2 మిల్లీగ్రాముల కాపర్ ఉంటుంది. అందులో 10 మిల్లీలీటర్లు 100 లీటర్లకి 0.20 ఇస్తుంది. ఒక్కసారి పొయ్యకండి. 2.5 చొప్పున నాలుగు భాగాలు, రెండు రోజుల్లో. తర్వాత 30 రోజులు. ఇసుక, పగడపు రాయి వద్దు, అవి కాపర్‌ని పీల్చేస్తాయి. పీవీసీ పైపు ముక్కలు చాలు. ఫిల్టరులో కార్బన్ ఉంటే తీసెయ్యండి, అదీ కాపర్‌ని పీల్చేస్తుంది.

వంశధార: వెల్వెట్ మాట ఒప్పుకుంటున్నాను, అక్కడ కాపరే. కానీ మేత తింటున్న ట్యాంగ్‌కి మొదటి మందుగా అదా? 0.15 కంటే తగ్గితే పనిచెయ్యదు, కాస్త పెరిగితే చేపకే ముప్పు. మైలుతుత్తం రోజూ అడుగుకి దిగిపోతూ ఉంటుంది, పొద్దునా సాయంత్రం మీటరు పెట్టాల్సిందే. రంగు పోల్చి చూసే కిట్లతో 0.15కీ 0.20కీ తేడా పట్టలేం. పురుగుమందుల కొట్లో అమ్మే తుత్తంలో ఇంకేం లోహాలున్నాయో చెప్పలేం. కొత్త ట్యాంకులో అమ్మోనియా వస్తే దాన్ని కట్టే మందులు పోస్తారు. కాపర్‌తో కలిపి అవి పొయ్యకూడదు, కాపర్ ఇంకా విషపూరితమైన రూపంలోకి మారుతుంది. నీళ్ళు మార్చడమే దారి, మార్చిన నీళ్ళకి సరిపడా కాపర్ మళ్ళీ కలపాలి.

కోనాడ_తీరం: మీ ఇద్దరి వాదనలోనూ పెద్ద ట్యాంకు ఊసే లేదు. చేపని బయటికి తీసి నయం చేసి మళ్ళీ అందులోనే వేస్తే ఏం లాభం? చుక్కలు 3 నుంచి 7 రోజుల్లో వాటంతటవే రాలిపోతాయి. మందు పనిచేసిందనుకుంటారు. రాలినవి ఇసుకలో తిత్తులు కట్టుకుని, కొన్ని రోజుల నుంచి వారాల తర్వాత పిల్లలుగా పగులుతాయి. తిత్తి 72 రోజులు బతికిన దాఖలా ఉంది, అందుకే 76 రోజులు పెద్ద ట్యాంకులో ఒక్క చేప కూడా ఉండకూడదు, క్లౌన్లతో సహా. పగడాలు ఉన్నచోటే ఉండనివ్వండి, వాటికి ఈ పురుగు పట్టదు. ఆ ట్యాంకులో కాపర్ చుక్క పడ్డా పగడాలు చస్తాయి. పగడాలకి హాని లేకుండా నయం చేస్తామనే సీసాల్ని నమ్మకండి.

వెల్వెట్ కాదని ఖాయమైతే మందే అక్కర్లేదు. 50 లీటర్ల ప్లాస్టిక్ తొట్లు రెండు. చేపని ఒకదాంట్లో వేసి, 72 గంటలు దాటకుండా రెండోదాంట్లోకి మార్చండి. రాలిన తిత్తులు పగిలేలోపే చేప అక్కణ్ణుంచి వెళ్ళిపోతుంది. అలా నాలుగు మార్పిళ్ళు. ఖాళీ అయిన తొట్టి, వల, గాలిరాయి కడిగి ఎండలో చుక్క తడి లేకుండా ఆరబెట్టాలి. మొదటిదానితో కలిపి అయిదుసార్లు నింపాలి, మొత్తం 250 లీటర్ల నీళ్ళు పడతాయి. చేపలన్నీ ఒకే పూట మారాలి.

ఇక ఆ నీళ్ళ సంగతి. పచ్చి సముద్రపు నీళ్ళు తెచ్చి పెద్ద ట్యాంకులో పోస్తే పురుగు మళ్ళీ రావచ్చు, 76 రోజుల లెక్క మొదటికొస్తుంది. హేచరీల్లో చేసినట్టు చెయ్యండి: 10 మైక్రాన్ల సంచిలో వడకట్టి, 100 లీటర్లకి 30 శాతం బ్లీచింగ్ పౌడరు 3.3 గ్రాములు వేసి, ఒక రోజు గాలి పెట్టండి. తర్వాత హైపో (సోడియం థయోసల్ఫేట్)తో క్లోరిన్ విరిచి, పరీక్షలో రంగు రాలేదని చూసుకుని, పైతేట మాత్రమే తీసుకోండి. వానాకాలంలో చంపావతి నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళలో ఉప్పు 35 ఉండదు. ప్రతి డ్రమ్మూ కొలవాల్సిందే, లేకపోతే వంశధార గారి అయిదు మార్పుల లెక్క కూడా తప్పుతుంది.

విజయనగరం_రీఫ్: టార్చి వేసి చూశాను. ఉప్పుకల్లంత చుక్కలే, పొడి లేదు, ఊపిరి మామూలుగానే ఉంది. తొట్ల పద్ధతి మొదలుపెడతాను. మైలుతుత్తం ద్రావణం మాత్రం కలిపి పక్కన పెడతాను.

నాగావళి: కలిపిన సీసా మీద ఎంత బలమో, ఏ తారీకున కలిపారో రాసి, పిల్లలకి అందకుండా తాళం వెయ్యండి. ఊపిరి పెరిగితే వెంటనే తొట్లు ఆపి కాపర్‌కి మారండి.