ఖరీదైన జెల్ సరుకు నెయిల్ టెక్నీషియన్‌కు గిట్టుబాటు అవుతుందా?

బెజవాడ_గోళ్లు:

విజయవాడలో ఇంటి ముందుగదిలోనే చిన్న నెయిల్ స్టూడియో నడుపుతున్నాను. ఇక్కడ జెల్ పాలిష్ (ల్యాంప్ కాంతి కింద గట్టిపడే గోళ్ల రంగు) మాత్రమే వేయించుకునేవారు ఆరేడు వందలకు మించి ఇవ్వడానికి ఇష్టపడరు. పెళ్లిళ్ల కాలంలో ఎక్స్‌టెన్షన్లకు (గోళ్ల పొడవు పెంచే అతుకులకు) వచ్చేవారు కాస్త ఎక్కువ పెడతారు. నేను శిక్షణ తీసుకున్న చోట, దిగుమతి చేసుకున్న ఖరీదైన బ్రాండ్లు వాడనివారిని టెక్నీషియన్ల కింద లెక్కే కట్టరన్నట్టు చెప్పారు. ఆ బ్రాండ్లను అమ్మేది కూడా వారే కాబట్టి ఆ మాట నాకు పూర్తిగా మింగుడుపడలేదు. అదే రంగు 250 రూపాయలకు దొరుకుతున్నప్పుడు ఒక సీసాకు 1,500 పెట్టడం అవసరమా? ఇంతవరకు నా దగ్గరికి వచ్చిన ఏ కస్టమరూ సీసా మీద పేరు చదవలేదు. ఖరీదైనవి వాడి లాభపడినవారు, వాడి మానేసినవారు ఎవరైనా సరే, కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కూకట్‌పల్లి_స్టూడియో:

గోళ్లు గారూ, సీసా ధరను సీసా ధరతో పోల్చినంతకాలం ఈ ప్రశ్న తేలదు. ఒక్కో కస్టమర్ మీద ఎంత పడుతోందో చూడాలి. పది గోళ్లకు రెండు కోటింగులకు సుమారు అర మిల్లీలీటరు పడుతుందనుకుందాం. 15 మిల్లీలీటర్ల సీసాలో మూతికీ బ్రష్‌కూ అంటుకుని పోయేది తీసేసినా పాతికమందికి వస్తుంది. అంటే 1,500 రూపాయల సీసా అయితే మనిషికి 60, 250 రూపాయల సీసా అయితే 10. తేడా 50 రూపాయలు. రంగు కింద వేసే బేస్ కోటుకూ పైన వేసే టాప్ కోటుకూ అంతే తేడా వేసుకున్నా మొత్తం 150. అన్నట్టు, సీసాల పరిమాణం కూడా చూసుకోండి. 2010లో వచ్చిన సీఎన్‌డీ షెలాక్ బ్రాండ్ జెల్ సీసాలో ఉండేది 7.3 మిల్లీలీటర్లే, ఓపీఐ జెల్‌కలర్ సీసాలో 15 ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ధర ఒకటేనని చెప్పే అమ్మకందారులు ఉన్నారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. పదో రోజున గోరు అంచు దగ్గర జెల్ లేచిందని కస్టమర్ తిరిగి వస్తే మనం డబ్బు తీసుకోలేము. పాత జెల్ ఊడదీసి, మళ్లీ ప్రెప్ (గోరును శుభ్రం చేసి సిద్ధపరచడం) చేసి, మళ్లీ వేసేసరికి గంటన్నర పోతుంది. ఆ గంటన్నరలో రావలసిన మరో కస్టమర్ డబ్బు కూడా పోయినట్టే. పైగా ఆవిడ తిరిగి వచ్చింది కాబట్టి మనకు తెలిసింది. రానివారు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏమి రాస్తారో మనకు తెలియదు. నేను ఖరీదైన బేస్‌కు మారిన తరువాత ఇలా ఉచితంగా చేసి పెట్టవలసిన పని బాగా తగ్గింది. ఆ 150 రూపాయలను నేను ఖర్చు కింద రాసుకోను, బీమా కింద రాసుకుంటాను.

వన్‌టౌన్_టెక్:

కూకట్‌పల్లి గారి లెక్క కాగితం మీద బాగుంది గానీ, ఆ సీసా పాతికమందికి వాడి ఖాళీ అయినప్పుడే అది నిజమవుతుంది. ఎరుపు, మెరూన్, న్యూడ్ రంగుల సీసాలు ఖాళీ అవుతాయి, ఒప్పుకుంటాను. అయితే షేడ్ కార్డు మీద అరవై డెబ్బై రంగులు కనిపించకపోతే కస్టమర్ కూర్చోదు. వాటిలో సగం సీసాలు ఏడాదికి ముగ్గురు నలుగురికి మించి పనికిరావు. మూత తెరిచిన తరువాత ఎన్ని నెలలు వాడవచ్చో తెలిపే గుర్తు సీసా మీదనే ఉంటుంది. ఆ గడువు దాటేసరికి జెల్ చిక్కబడి, పిగ్మెంటు అడుగున పేరుకుని ఉంటుంది. ముగ్గురికి వాడి పారేసిన 1,500 రూపాయల సీసా మనిషికి 500 పడినట్టు. ఈ లెక్క శిక్షణా కేంద్రాలవారు ఎందుకు చెప్పరో గోళ్లు గారు ఇదివరకే ఊహించారు.

లిఫ్టింగ్ (జెల్ అంచులు లేవడం) సంగతి కూడా విడిగా మాట్లాడుకోవాలి. మన దగ్గర జెల్ లేవడానికి నేను చూసిన కారణాల్లో సీసా ధర చాలా వెనక ఉంటుంది. ఆషాఢంలో, పెళ్లికి ముందురోజుల్లో గోరింటాకు పెట్టుకుని, ఎర్రగా పండాలని నీలగిరి తైలమో కొబ్బరినూనో రాసుకుని నేరుగా మన కుర్చీలో కూర్చుంటారు. గోరు పలకలోకి, చుట్టూ ఉన్న చర్మపు మడతల్లోకి నూనె దిగి ఉంటే ఎంత ఖరీదైన బేస్ అయినా పట్టు నిలబెట్టుకోలేదు. గోరు మొదట్లో కంటికి కనిపించనంత పలుచగా అంటుకుని ఉండే క్యూటికల్ పొరను గీకకుండా దాని మీదనే జెల్ వేస్తే, ఆ పొరతోపాటే జెల్ కూడా లేస్తుంది. ఈ రెండూ సరిచేసుకుంటే మధ్యరకం బేస్‌తోనే మూడు వారాలు నిలుస్తుంది. బేస్ మార్చిన రోజుల్లోనే కూకట్‌పల్లి గారు ప్రెప్ కూడా మార్చారా అన్నది నా సందేహం. కొత్త బ్రాండ్ కొన్నప్పుడు దాని శిక్షణ కూడా ఇస్తారు కదా.

పన్ను విషయం కూడా గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి బ్యూటీ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, అయితే ఇన్‌పుట్ క్రెడిట్ తీసేశారు. మనం కొనే జెల్ మీద 18 శాతం అలాగే ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న సెలూన్లు ఇదివరకు ఆ పన్నును సర్దుబాటు చేసుకునేవి, ఇప్పుడు అది నేరుగా ఖర్చులో పడుతుంది. 20 లక్షల టర్నోవరు దాటని మనలాంటివారికి క్రెడిట్ ఏనాడూ లేదు. కాబట్టి సరుకు ఎంత ఖరీదైతే పన్ను రూపంలో తిరిగిరాని సొమ్ము అంత పెరుగుతుంది.

డబ్లిన్_నుంచి:

ఐర్లండ్‌లో ఒక సెలూన్‌లో పనిచేస్తున్నాను, ఊరు గుంటూరు. మీ ఇద్దరి వాదనా కస్టమర్ గోరు చుట్టూ తిరుగుతోంది. టెక్నీషియన్ వేళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

జెల్‌లో ఉండే హెమా అనే మోనోమర్ (ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడే చిన్న అణువు) గోరుకు పట్టు ఇస్తుంది. దాని అణుభారం 130 మాత్రమే, అంత చిన్న అణువు కాబట్టి చర్మంలోకి తేలికగా దిగుతుంది. కస్టమర్‌కు అది మూడు వారాలకు ఒకసారి తగిలితే మనకు రోజూ తగులుతుంది: ల్యాంప్ నుంచి తీసిన గోరు మీద మిగిలే జిగట పొరను తుడిచేటప్పుడు, బ్రష్ పిడి పట్టుకున్నప్పుడు, పూర్తిగా గట్టిపడని జెల్‌ను ఫైల్ చేస్తే లేచే పొడి మణికట్టు మీద పడినప్పుడు. ఒకసారి అలర్జీ మొదలైతే అది సాధారణంగా జీవితాంతం వదలదు. బొటనవేలు, చూపుడువేలు కొసలు పగిలి మండుతాయి, కొందరికి కనురెప్పలు వాస్తాయి. పళ్ల చికిత్సలో వాడే అతుకు పదార్థాల్లోనూ హెమా ఉంటుంది కాబట్టి ఇబ్బంది గోళ్లతో ఆగదు. బ్రిటన్, ఐర్లండ్ చర్మవైద్య విభాగాల్లో ప్యాచ్ టెస్ట్ (పదార్థాలను చర్మానికి అంటించి అలర్జీ చూసే పరీక్ష) చేయించుకున్నవారిలో 2.4 శాతం మందికి హెమా వర్గానికి చెందిన ఏదో ఒక మెథాక్రిలేట్ అలర్జీ ఉన్నట్టు 2018లో బ్రిటిష్ డెర్మటాలజిస్టుల సంఘం ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ 2020లో నియమం తెచ్చి, 2021 నుంచి హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తులను వృత్తి నిపుణులకే పరిమితం చేసి, అలర్జీ హెచ్చరిక సీసా మీద ముద్రించాలన్నది.

ఇంత చెప్పినా ఖరీదైనదే కొనమని నేను అనడం లేదు. గోళ్ల జెల్‌లను గట్టిపరిచే టీపీవో అనే పదార్థాన్ని, పునరుత్పత్తి శక్తికి హాని చేసేదిగా వర్గీకరించినందున, యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. అమ్మకమే కాదు, సెలూన్‌లో వాడకం కూడా కుదరదు. ఆ వర్గీకరణకు ఆధారం జంతువుల మీద చేసిన పరీక్షలు, అమెరికాలో ఆ నిషేధం లేదు అన్నవి కూడా చెప్పడం న్యాయం. ఆగస్టు నెలాఖరున మేము అరల్లోంచి తీసి పక్కన పెట్టిన సీసాల్లో చవకవాటితో పాటు పేరున్న కంపెనీలవి, మీరు చెబుతున్న పదిహేను వందలకన్నా ఖరీదైనవి కూడా ఉన్నాయి. ‘హెమా లేనిది’ అన్న లేబుల్‌కు అదనంగా డబ్బు పెట్టేవారికి ఇంకొక మాట: హెమా తీసేసిన చోట చాలాసార్లు దాని దగ్గరి బంధువైన మరో మెథాక్రిలేట్‌ను పెడతారు, అలర్జీ ఉన్నవారికి అది కూడా పడకపోవచ్చు.

నా వరకు నేను కంపెనీని అడిగేవి మూడే: పదార్థాల పూర్తి జాబితా, బ్యాచ్ నంబరు, ఏ ల్యాంప్‌తో ఎన్ని సెకన్లు పరీక్షించారన్న వివరం. ఇవి రాతపూర్వకంగా ఇచ్చేవారి సరుకు మధ్యరకం ధరలో ఉన్నా కొంటాను. ఇవ్వలేనివారి సరుకు బంగారు మూతతో వచ్చినా కొనను.

కూకట్‌పల్లి_స్టూడియో:

వన్‌టౌన్ గారి సందేహం సరైనదే; బేస్‌తోపాటు డీహైడ్రేటర్ (గోరు మీది తేమ, నూనె తీసే ద్రవం) వాడకం కూడా అప్పుడే మార్చాను. అయితే ఆ తరువాత ఒకే ప్రెప్‌తో రెండు బేస్‌లనూ నా చేతుల మీదనే, ఒక చేతికి ఒకటి చొప్పున వేసి చూశాను. చవక బేస్ వేసిన చేతికి రెండో వారంలోనే అంచులు లేచాయి. దీన్ని శాస్త్రీయ పరీక్ష అనను, కానీ నా సొమ్ము ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవడానికి సరిపోయింది.

డబ్లిన్ గారి మూడు ప్రశ్నలు మంచివే, కానీ బేగంబజార్ హోల్‌సేల్ కొట్టులో పదార్థాల జాబితా అడిగితే నవ్వుతారు. అందుకే దిగుమతి సరుకు కొనేవారు ముందు సీసా మీదనో డబ్బా మీదనో దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు వెతకాలి. 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం అవి ఉండి తీరాలి. అవి లేకుండా పేరున్న బ్రాండ్ సగం ధరకు దొరికితే అది నకిలీ కావచ్చు. నకిలీ ప్రీమియం సీసాకన్నా సొంత పేరుతో అమ్ముడయ్యే 250 రూపాయల సీసా నయం. కనీసం అది మరొకటిగా నటించదు.

వన్‌టౌన్_టెక్:

ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను. రంగుల లెక్కకు మాత్రం మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

ల్యాంప్ మాట ఎవరో ఒకరు ఎత్తాలి కాబట్టి నేనే ఎత్తుతున్నాను. 365, 405 నానోమీటర్ల కాంతి ఇచ్చే ఎల్‌ఈడీలు దాదాపు అన్ని ల్యాంపుల్లోనూ ఉంటాయి, కానీ డబ్బా మీద రాసిన వాట్లు గోరు మీద ఎంత కాంతి పడుతుందో చెప్పవు. వాట్లు కరెంటు ఎంత తింటుందో చెప్పడానికే, అదీ నిజమైన అంకె రాస్తే. జెల్ సగం గట్టిపడినా వేలితో తాకితే గట్టిగానే ఉంటుంది, మనం అయిపోయిందనుకుంటాం. నలుపు, తెలుపు, ముదురు ఎరుపు రంగుల్లో పిగ్మెంటు కాంతిని లోపలికి పోనివ్వదు కాబట్టి అక్కడ ఇంకా మోసపోతాం. డబ్లిన్ గారు భయపడే ఆ పచ్చి మోనోమర్ మిగిలేది ఇలాంటి గోళ్లలోనే. 1,500 రూపాయల జెల్‌ను 700 రూపాయల ల్యాంప్ కింద పెట్టేవారిని నేను చూశాను, వారి కస్టమర్లను కూడా చూశాను. లేత రంగు గోళ్లతో మామిడికాయ పప్పు కలుపుకుని తిని, మర్నాటికి అంచులన్నీ పసుపు పట్టాయని వస్తారు. సరిగా గట్టిపడని టాప్ కోటు పసుపును తేలికగా పీల్చుకుంటుంది. అందుకు జెల్‌ను తిట్టి లాభం లేదు.

డబ్లిన్_నుంచి:

నిజమే. అందుకే ల్యాంపూ జెల్లూ ఒకే కంపెనీవి వాడమని ఇక్కడ పట్టుబడతారు. ఇది వ్యాపారపు ఎత్తుగడ కూడా అని నాకు తెలుసు, అయినా పరీక్షించి చూసిన జత అదొక్కటే. ఇంకొకటి: మామూలు నైట్రైల్ గ్లవుజుల్లోంచి ఈ మోనోమర్లు నిమిషాల్లోనే లోపలికి వస్తాయి, కాబట్టి జెల్ అంటిన గ్లవుజును వెంటనే మార్చాలి. ఏ ధర జెల్ వాడినా ఈ ఖర్చు తప్పదు.

బెజవాడ_గోళ్లు:

అందరికీ ధన్యవాదాలు. మీ మాటలన్నీ చదివాక నా బడ్జెట్‌ను ఇలా విడగొట్టుకుంటున్నాను. బేస్, టాప్, ల్యాంప్ మూడూ ఒకే కంపెనీవి, రిజిస్ట్రేషన్ నంబరున్న దిగుమతిదారు దగ్గర కొంటాను. ప్రతి కస్టమర్‌కూ వాడేవి అవే కాబట్టి సీసాలు ఖాళీ అవుతాయి. ఎరుపు, మెరూన్, రెండు న్యూడ్ షేడ్లు కూడా అదే కంపెనీవి తీసుకుంటాను. మిగతా రంగులు మాత్రం పదార్థాల జాబితా ముద్రించిన మధ్యరకం సీసాలే. వాటిని ఆ ల్యాంప్‌తో పరీక్షించి ఉండరు కాబట్టి పలుచగా వేసి, ముదురు రంగులకు కోటు కోటుకూ సమయం పెంచుతాను. మెహందీ మర్నాడే వచ్చేవారికి బుకింగ్ సమయంలోనే నూనె సంగతి చెప్పి, వీలైతే ముందు గోళ్లు, తరువాత గోరింటాకు పెట్టుకోమంటాను. శ్రావణంలోపు జెల్ పాలిష్ ధర వంద పెంచాలని ఉంది. వన్‌టౌన్ గారూ, మనిద్దరిదీ ఒకే ఊరు కాబట్టి అడుగుతున్నాను: మీరు పెంచారా, పెంచితే ఎంతమంది ఆగిపోయారు?

వన్‌టౌన్_టెక్:

పోయిన మాఘంలో పెంచాను. కాలేజీ అమ్మాయిలు కొందరు తగ్గారు, పెళ్లివాళ్లు ఎవరూ ఆగలేదు. కాలేజీవాళ్లకోసం బిల్డర్ (గోరును మందంగా, బలంగా చేసే జెల్) లేకుండా ఒక్క రంగు వేసే పాత ధర విడిగా ఉంచాను. దానికి కూడా బేస్ మాత్రం అదే వాడుతున్నాను.