గుడి బీరువాలో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు: లామినేషన్ చేయించొచ్చా?

దివిసీమ ఆడపడుచు:
అందరికీ వందనాలు. మాది దివిసీమలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. పాత గుడి తీసేసి కొత్తది కడుతున్నారు. వెస్ట్రీలో, అంటే పాస్టరు అయ్యగారి గదిలో, బీరువా సర్దే పని మా ఆడవాళ్ల బృందం స్త్రీల మైత్రి తరఫున నాకు అప్పగించారు. బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్లిళ్ల రిజిస్టరు, కమిటీ మినిట్స్ పుస్తకాలు, ఫ్రేములు కట్టిన ఫొటోలు ఉన్నాయి. అన్నిటికన్నా పాత రిజిస్టరు 1977 ఉప్పెనలో తడిసింది. కొన్ని పేజీలు అట్టలా అతుక్కుపోయాయి. మిగతావాటిలో సిరా గోధుమరంగుకు తిరిగినా చదవడానికి వస్తోంది. ఒక వరుసలో ఒకామె పాత పేరు గ్రామదేవతది, బాప్తిస్మపు పేరు బైబిల్లోది, వృత్తి అన్నచోట 'కూలి'. ఆమె మునిమనవలు ఇప్పటికీ మా గుడికే వస్తారు.

కమిటీలో కొందరు స్కాన్ చేసి పాతవి తీసేద్దామంటున్నారు, కొందరు లామినేషన్ అంటున్నారు. నాకు రెండిటికీ మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

పాత కాగితాల పనివాడు:
అమ్మా, లామినేషన్ మాత్రం వద్దు. ఆ వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ ఊడదీయలేం. సెల్లోటేపు కూడా అంతే, కొన్నాళ్లకు జిగురు మరకే మిగులుతుంది. అతుక్కున్న పేజీలను గోటితోగానీ చాకుతోగానీ విప్పకండి, ఇస్త్రీ పెట్టకండి, అలాగే నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. అవి కన్జర్వేటర్ (పాత కాగితాలను బాగుచేసే నిపుణుడు) చేతిలోనే విడాలి. తేమ ఉన్నవాటిని ఎండలో వేయకుండా నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వండి.

ఫొటో అద్దానికి అంటుకుని ఉంటే లాగొద్దు. అద్దం మీదనుంచే ఫోన్‌తో తీయండి. మనుషుల పేర్లు తెలిస్తే ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు. స్టీలు బీరువాను గోడకు ఆనించకుండా పెట్టి, చెదల కోసం నెలకోసారైనా తెరిచి చూడండి.

గుంటూరు అన్నయ్య:
చెల్లెమ్మా, ఫొటోలు తీయండి గానీ రిజిస్టరు పేజీలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. హిందువులకు, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, మనకు లేదు. ఆ పుస్తకంలో ఒక పేరు దొరికితే చాలు, ఎవరో పగబట్టి ఆ ఇంటి పిల్లల ఎస్సీ సర్టిఫికెట్ మీద ఫిర్యాదు పెట్టొచ్చు. తాతలు విశ్వాసంతో రాయించుకున్న వరుస మనవల మెడకు చుట్టుకోకూడదు. చూడాలనుకునేవాళ్లు గుడికొచ్చి, అయ్యగారి ముందు తమ ఇంటి వరుస చూసుకుంటే సరిపోతుంది.

మచిలీపట్నం నుంచి:
కృష్ణా జిల్లాలో సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ అనే ఇంగ్లండు మిషన్) పని 1841లో నోబుల్, ఫాక్స్ దొరలు బందరు రావడంతో మొదలైంది. సీఎంఎస్ మిషనరీల ఉత్తరాలు, రిపోర్టులు ఇప్పుడు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. మీ ఊరి ప్రస్తావన వాటిలో ఉండొచ్చు. కానీ మీ ఊళ్లో ఎవరెవరు బాప్తిస్మం తీసుకున్నారో తెలియాలంటే ఆ రిపోర్టులు చాలవు, మీ బీరువాలోని పుస్తకమే కావాలి. కమిటీలో గట్టిగా చెప్పండి. పెళ్లిళ్ల రిజిస్టరైతే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద పెట్టిన రికార్డు, తీసేసే ప్రశ్నే లేదు. బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో దక్షిణాది సంఘాల పాత కాగితాలు దాచే ఆర్కైవ్స్ ఉంది. వాళ్లకు రాసి చూడండి.

దివిసీమ ఆడపడుచు:
చాలా థ్యాంక్సండి. మీ మాటలు అయ్యగారికి చదివి వినిపించాను, లామినేషన్ ఆపేశారు. గుంటూరు అన్నయ్య చెప్పింది నాకు అసలు తట్టలేదు, ఇంక పేజీల ఫొటోలు అయ్యగారి దగ్గరే ఉంటాయి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దవాళ్లను కూర్చోబెట్టి పాత కోత పండుగల ఫొటోల్లో ఎవరెవరో అడుగుతాం. బెంగళూరుకు రాయాలంటే బిషప్‌గారి అనుమతి కావాలా?

మచిలీపట్నం నుంచి:
తీసుకోవడమే మంచిది. ముందు కమిటీలో తీర్మానం రాయించి, కాపీ డయోసిస్ ఆఫీసుకు, అంటే బిషప్‌గారి ఆఫీసుకు, పంపండి. తీర్మానంలో 'కాపీలు మాత్రమే, అసలు పుస్తకాలు గుడిలోనే' అని స్పష్టంగా ఉండాలి.