విలియమ్సా, ఆమ్‌హర్స్టా? ఎర్లీ డెసిషన్ దేనికి వేయాలి?
న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్. ఎర్లీ డెసిషన్ (మామూలు గడువుకన్నా ముందే వేసే అప్లికేషన్) ఒక్క కాలేజీకే వేయాలి, సీటొస్తే చేరి తీరాలి. మసాచుసెట్స్‌లోని ఈ రెండు కాలేజీల్లో దేనికో తేలక అక్కడే ఆగిపోయాం.

విలియమ్స్‌లో ట్యుటోరియల్స్ తనకి తెగ నచ్చాయి. ఇద్దరే స్టూడెంట్లు, ఒక ప్రొఫెసర్. ఒక వారం ఒకరు వ్యాసం రాస్తే రెండోవాళ్లు దాన్ని చీల్చి చెండాడాలి. కానీ అదో కొండల మధ్య చిన్న ఊరు. అక్టోబర్‌లో చూడ్డానికి వెళ్తేనే స్వెటర్ మీద స్వెటర్ వేసుకుంది!

ఆమ్‌హర్స్ట్‌లో ఫస్ట్ ఇయర్ సెమినార్ తప్ప తప్పనిసరి కోర్సుల గోల లేదు. పక్కనే ఉన్న యూమాస్‌లో (యూనివర్సిటీ ఆఫ్ మసాచుసెట్స్) కూడా క్లాసులు తీసుకోవచ్చట. తనకి మ్యాథ్స్, ఫిలాసఫీ రెండూ కావాలి. (ఫిలాసఫీతో ఉద్యోగమొస్తుందా అని మావారి గొడవ వేరే.)

పిల్లల్ని అక్కడ చదివించినవాళ్లు చెప్పండి: ట్యుటోరియల్ మొదటి ఏడాదే దొరుకుతుందా? యూమాస్‌కి బస్సులో వెళ్లి నిజంగా చదువుతారా, కాగితం మీదేనా?